మాఱువేషము – రచ్చ: ఉత్తరాంధ్ర రచనలలో జనసమూహ చిత్రణము

పదుగురు గూడు చోటునకు తెలుగున నున్న పేర్లను పరిశీలించినచో ఒక విశేషము కానవచ్చును. 'రచ్చ' యనునది సంస్కృతమందలి 'రథ్యా' శబ్దమునుండి ప్రాకృతము మీదుగా మనకు వచ్చినది. మొదట దానికి వీథి యనియే అర్థము. పిమ్మట అది ఊరిపెద్దలు కూర్చుండి తగవు తీర్చు చోటైనది. నేటి వాడుకలో 'రచ్చ చేయుట' యనగా గోల చేయుట. వీథి తీర్పరిచోటగుట, తీర్పరిచోటు గోలయగుట – ఈ రెండు మెట్ల పరిణామములో ఒక సమాజచరిత్ర యున్నది. 'కచేరి' హిందూస్థానీనుండి వచ్చి, అధికారి కూర్చుండు చోటునకును పాటగాడు కూర్చుండు చోటునకును ఒకే పేరైనది. ఆ రెండు చోట్లను జనము చేయవలసినది యొకటియే గదా: కూర్చుండి వినుట. ఉత్తరాంధ్రమున 'తీర్థ'మనగా పుణ్యజలముకంటె ముందు స్ఫురించునది తిరునాళ్ళు. 'సంబర'మనగా గ్రామదేవత యుత్సవము. 'సభ' యొక్కటియే తన రూపమును గాని గాంభీర్యమును గాని పోగొట్టుకొనక నిలిచినది.

ఇన్ని మాటలున్నను, మన సాహిత్యవిమర్శ జనసమూహమును పాత్రగా పరిగణించిన సందర్భములు తక్కువ. గురజాడ నాటకమున గిరీశమును గూర్చి, మధురవాణిని గూర్చి గ్రంథములు వెలసినవి. రావిశాస్త్రి ఉపమానములను గూర్చియు, యాసను గూర్చియు పరిశోధనలు జరిగినవి. ఆ పాత్రలు ఎచ్చట నిలిచి మాటలాడుచున్నవి, చుట్టు నెవరున్నారు, ఎవరు చూచుచున్నారని వారు భావించుచున్నారు అను ప్రశ్నలు మాత్రము రంగాలంకరణమునకు సంబంధించిన చిల్లర విషయములుగ మిగిలిపోయినవి. ఆ ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

దీనికి విమర్శకు వెలుపల నొక కారణము కూడ నున్నది. విశాఖపట్టణమున సాయంకాలము సముద్రతీరమార్గమున క్రిక్కిఱిసిన జనమును చూచి చదువుకొన్నవారు తఱచుగా ననుమాట యొకటి కలదు: మనవారికి నలుగురిలో మెలగుట తెలియదు, మర్యాద లేదు అని. రావిశాస్త్రి పాత్రలను గూర్చియు ఇట్టి మాటయే పెద్దల నోట విన్నాను. 'మర్యాద' శబ్దమునకు మొదటి యర్థము హద్దు. సముద్రము తన మర్యాదను దాటదని కవిసమయము. హద్దు నియమించువా డెవడు, ఆ హద్దునకు ఈవల నిలుచు భాగ్యము ఎవనికి కలుగును అని ప్రశ్నింపక మర్యాదను కొలమానముగ గ్రహించుట పొరపాటు. ఆ పొరపాటు నేనును చేసితిని. ఆ సంగతి ముందు చెప్పుదును.

ఈ ప్రాంతపు ప్రధాన రచనలను వరుసగా చదివినప్పుడు నాకు తోచినది యిది: ఇందు బహిరంగస్థలమున మనుష్యుని నడవడి అతని గుణమునుబట్టి గాక, అతనికి లభ్యమగు మాఱువేషమునుబట్టి యేర్పడును. మాఱువేషమనగా వస్త్రభేదమే కాదు. పరభాష ఒక మాఱువేషము. ఉద్యోగ మొకటి, ఇస్త్రీచొక్కా యొకటి, సంఘసంస్కర్త యను పేరొకటి. ఇవి గలవాడు రచ్చలో నిర్భయముగ తిరుగును. లేనివాడు పక్కదారి పట్టును, లేదా ఉన్నదున్నట్లు నిలువబడి చూపులకు గురియగును.

మన ప్రాచీనకావ్యములందు జనసమూహవర్ణనము లేకపోలేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమందు శివరాత్రికి శ్రీశైలమున గూడిన జనసందోహము కలదు. పదునైదవ శతాబ్దిదిగా తలచు క్రీడాభిరామమున నైతే నగరవీథియే కావ్యవస్తువు. అది 'వీథి' యను రూపకభేదమునకు చెందినది, అనగా ప్రక్రియ పేరే వీథి. గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో తిరుగుచు కనబడినదెల్ల వర్ణింతురు. కర్తృత్వవివాదము – వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అనునది – మనకిట అప్రస్తుతము. ప్రస్తుతమైనది చూపుయొక్క దిశ. ఆ మిత్రులిద్దరు చూచువారు, నగరజనము చూడబడునది. జనము తిరిగి వారిని చూచినట్లు, చూచి నవ్వినట్లు, 'వీ రెవరు?' అని యనుమానించినట్లు కావ్యమున ప్రాధాన్యము లేదు. చూపు తిరుగబడుట అను నవీనలక్షణమును దాదాపు నాలుగు శతాబ్దుల పిమ్మట విజయనగరమున గురజాడ అప్పారావు తెచ్చెను.

కన్యాశుల్కము 1892 లో మొదట ప్రదర్శితమై, 1897 లో ముద్రితమై, మిక్కిలి మార్పులతో 1909 లో రెండవకూర్పుగా వెలువడినది. ఇప్పుడు మనము చదువునది రెండవ కూర్పు. నాటకము గృహమున గాక ఆరుబయట, బొంకులదిబ్బమీద ఆరంభమగును. అది విజయనగరమున నిజముగా నున్న చోటు. దాని పేరునకు మూలమేదైనను, బొంకునకు పుట్టినిల్లగు గిరీశమును తొలిసారి చూపుటకు అంతకంటె తగిన స్థలము నాటకకర్తకు దొరకదు. అచ్చట జరుగునది చూడుడు. ఫొటోగ్రాఫు బాకీ వసూలునకై వచ్చిన నౌకరు నలుగురు తిరుగుచోట గిరీశమును పట్టుకొనును. గిరీశము ఇంగ్లీషు నాశ్రయించును. ఆ నౌకరునకు ఇంగ్లీషు రాదు. రాకపోవుటయే గిరీశమునకు కావలసినది. వెంకటేశమువంటి శిష్యునియెదుట జ్ఞానముగ ప్రకాశించిన ఆ భాషయే అప్పులవానియెదుట ముసుగుగ పనిచేయును. బాకీ ఫొటోగ్రాఫుది యగుట కూడ గమనింపదగినది. నలుగురికి చూపుకొనదలచిన ముఖమునకై చేసిన అప్పు నలుగురిలో ముఖము దాచుకొనునట్లు చేసినది!

ఇచ్చటనుండి నాటకమంతయు మాఱువేషముల పరంపర. కరటకశాస్త్రి శిష్యుడు ఆడుపిల్ల వేషమున పెండ్లికూతురై లుబ్ధావధానుల యింట ప్రవేశించును. వివాహము గృహకార్యమైనను, ఊరందరియెదుట నగ్నిసాక్షిగ జరుగునది గనుక బహిరంగకార్యమే. ఆ బహిరంగకార్యమే ఇచ్చట వేషముమీద నడచినది. మధురవాణి యిల్లు పేరునకు గృహము, ఆచరణలో రచ్చ. పేకాటకు పోలిశెట్టి, సిద్ధాంతి మొదలగువారు అచ్చట కూడుదురు. బయట ఒండొరుల ముట్టుకొన సంకోచించువారు అచ్చట ముక్కలు పంచుకొందురు. ఆ యింటి మంచము క్రింద దాగుకొనుట కూడ నొక మాఱువేషమే. కాకున్న మిక్కిలి పేదమాఱువేషము.

దుకాణము రంగమును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. బైరాగి, వీరేశ, మనవాళ్ళయ్య, హవల్దారు, హెడ్డుకనిస్టీబు – ఇందరొకచోట త్రాగుచు మతములను గూర్చి వాదింతురు. ఇది హాస్యరంగమనియు, కథకు అంతగా పట్టదనియు అభిప్రాయము కలదు. నా యభిప్రాయమున నాటకమందలి నిజమైన సభ యిదియే. పండితసభలో జరుగవలసిన శైవవైష్ణవవాదము ఇచ్చట జరుగుచున్నది. తీర్పరిగ నుండవలసిన ప్రభుత్వోద్యోగి తానును త్రాగుచున్నాడు. ఎవని వేషము వానికి యథాస్థానముననే యున్నది – కాషాయము, మతచిహ్నము, ఉద్యోగము. ఆ వేషములను తొలగింపక, వానిక్రింద నున్న మనుష్యులను కలుషోక్తులమధ్య బయటపెట్టుట గురజాడ చేసిన పని. మద్యము ముసుగు తీయునని సామాన్యముగ ననుకొందురు. ఇచ్చట ముసుగు తీయబడలేదు. అది కొంత జాఱినది, అంతే. మఱునాడు ఎవనిది వాడు సరిచేసికొనగలడు.

ఈ సభలో స్త్రీ లేదు. నాటకమున తమయంతట తాము రచ్చలోనికి రాగల స్త్రీలు మధురవాణియు పూటకూళ్లమ్మయు మాత్రమే. బుచ్చమ్మకు మాఱువేషము లేదు. వైధవ్యచిహ్నము ఇతరులు తొడిగిన వేషము. దానిని ఆమె విడువజాలదు, దానితో వీథిలోనికి రాజాలదు. ఆమె ఇల్లు విడుచుట ప్రయాణమధ్యమున, ఒకరి మాటను నమ్మి జరిగినది. కడపట ఆమెకు గమ్యమైనది కూడ మఱియొకరు నిర్ణయించిన వితంతుశరణాలయమే. కదలినంతసేపు ఆమె ఇతరుల బండిలోనే కదలినది.

కథ విశాఖపట్టణమునకు చేరుటలో ఒక ఔచిత్యమున్నది. జిల్లాకేంద్రమున కచేరి యున్నది. అగ్రహారమున ఇంటిగోడలమధ్య అడగియుండిన విషయమంతయు డిప్టీకలెక్టరు ఎదుటికి వచ్చును. వకీళ్ళు తమలో తాము కలహింతురు. అగ్నిహోత్రావధానుల కోపము ఇంటిలో శాసనము, కచేరిలో పరిహాసము. గొంతు పెంచినకొలది ఇంటిలో గౌరవము పెరుగును, రచ్చలో తరుగును. 'ఇంట గెలిచి రచ్చ గెలువు'మని సామెత. అగ్నిహోత్రావధానులు ఇంట గెలిచిన యుపాయముతోనే రచ్చ గెలువబోయి ఓడెను. ఇక చివర మధురవాణి పురుషవేషమున సౌజన్యారావు పంతులు ఇంటికి పోవుట. వేశ్యను చూడనను వ్రతము గలవాని తలుపు ఆ వేషమునకు తెఱచుకొనును. గమనింపుడు: నాటకమందలి వేషములన్నియు అబద్ధము చెప్పుటకు వేసికొన్నవి, ఈ యొక్కటి నిజము చెప్పుటకు వేసికొన్నది. ఆమె వేషము విడిచినపిమ్మట కూడ నామె మాట నిలిచినది. గిరీశమునకు ఆ యవకాశము చిక్కలేదు.

1933 లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెఱవబడినది. 1948 లో సింధియా నౌకానిర్మాణశాలనుండి 'జలఉష' నీటిలోనికి దిగినది. అగ్రహారములనుండియు, కొండప్రాంతములనుండియు, సముద్రతీరపు పల్లెలనుండియు జనము వచ్చి చేరినకొలది, ఒకరి నొకరు ఎఱుగనివారు ప్రక్కప్రక్కన నడచు వీథి ఏర్పడెను. గురజాడ వీథిలో ఎవరి తాత యెవరో అందరికి తెలియును; అందుచే వేషము వేయుటకు నేర్పు కావలెను. రేవుపట్టణపు వీథిలో ఎవరికి ఎవరును తెలియదు. బట్టయే మనుష్యుని చెప్పును. 1950 దశకపు మొదట రాచకొండ విశ్వనాథశాస్త్రి వ్రాసిన 'అల్పజీవి' యీ రెండవ వీథికి చెందిన నవల.

సుబ్బయ్య గుమాస్తా. బావమరది ఒత్తిడిచే కాంట్రాక్టరు గవరయ్యవద్ద సొమ్ము తెచ్చి, పిమ్మట గవరయ్య యను పేరు తలచుకొనియే వణకువాడు. (కన్యాశుల్కమందు గవరయ్య మాంత్రికుడు. ఇతనిది వేఱు విద్య. ఫలితమున పెద్ద భేదము లేదు.) దీనిని చైతన్యస్రవంతి పద్ధతి నవలగా, భయమను మనోవికారమునకు విశ్లేషణముగా మనవారు పరిగణించిరి. నేనును పదునైదేండ్లు తరగతిలో అట్లే బోధించితిని: సుబ్బయ్య పిఱికివాడు, అతని భయము వ్యక్తిగతము, అది వ్యాధివంటిది అని. ఒక సంవత్సరము, ఉక్కు కర్మాగారమునకై భూములు పోయిన గ్రామమునుండి వచ్చిన విద్యార్థి యొకడు పాఠము మధ్య లేచి యిట్లనెను: “సుబ్బయ్యకి భయపడడానికైనా ఓ ఆఫీసుంది మాస్టారూ. మా తాత నష్టపరిహారం కోసం కోర్టు వరండాలో ఎన్నేళ్ళు నిలబడ్డాడో! ఆయనకి భయపడే తీరికెక్కడిది?” తరగతి నవ్వెను. నాకు సమాధానము తోచలేదు. ఆ సాయంకాలము నవలను మరల మొదటినుండి చదివితిని.

చదివినపుడు నాకు తెలిసిన దేమనగా, సుబ్బయ్యకున్నది ఒకే మాఱువేషము: మర్యాదస్థుడను పేరు. దానిని పోషించుటకు ఉద్యోగము, చొక్కా, తలవంచుకొని నడచు నడక కావలెను. రోడ్డుమీద ఎదురగు ప్రతిమనుష్యుడును ఆ వేషమును లాగివేయగలవాడే అని అతని భావన. కనుక అతని భయము మనస్సున పుట్టినది కాదు, వీథిలో పుట్టినది. గదిలో ఒంటరిగ నున్నప్పుడు కూడ అతడు వీథిలోనివారి కన్నులతో తన్ను తాను చూచుకొనుచున్నాడు. చైతన్యస్రవంతి యని మనము పిలుచుచున్నది చాలవఱకు ఊహలోని రచ్చ. ఆ దృష్టితో చూచినప్పుడు మనోరమతోడి అతని స్నేహము కూడ వేఱుగ కానవచ్చును. ఆమెవద్ద అతనికి లభించినది ప్రణయముకంటె ముందుగా కొంతసేపు ఎవరును చూడని చోటు.

విజయనగరపు కథకుడు చాగంటి సోమయాజులు 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో ఇదే విషయమును నవలకు పట్టు పుటలలో నొకవంతైన లేకుండ చెప్పెను. ఫీజు కట్టలేక చదువు మానిపించిన పిల్లవానిని తండ్రి చుట్టలు తెమ్మని పంపును. దారిలో బడి యున్నది. తోటివారు పుస్తకములతో పోవుచుందురు. బడియెదుట నడచుట ఆ బాలునికి దుర్భరము. వీథి అందరిది, పుస్తకము చేతలేని బాలునికి మాత్రము ఆ కొద్దిబారలదూరము కాదు. పెద్దవానికి చొక్కా యెట్టిదో బాలునికి పుస్తక మట్టిది. సుబ్బయ్య తన వేషమును కాపాడుకొనుటకు పాటుపడుచున్నాడు. ఈ పిల్లవాని వేషమును తండ్రియే, దారిద్ర్యముచే, తీసివేసెను. సోమయాజులు సిగ్గు అనుమాటకు వ్యాఖ్యానము చేయలేదు. దారిని మాత్రము చూపెను. విమర్శకులు దీనిని బాల్యమనస్తత్వకథగా లెక్కింతురు. నాకది వీథికథ.

విద్యార్థి చెప్పిన కోర్టు వరండాకు వత్తము. రావిశాస్త్రి వృత్తిచే విశాఖపట్టణమున న్యాయవాది. 'ఆరు సారా కథలు' నాటి మద్యనిషేధచట్టమును, దాని నీడలో బ్రతుకు పోలీసులను, ప్లీడర్లను, సారా అమ్ముకొను పేదలను వస్తువుగా గైకొన్నవి. వానిలో 'మాయ' ప్రసిద్ధము. సారా కేసులో ముద్దాయియైన ముత్యాలమ్మ తన తరపున వచ్చిన పడుచుప్లీడరునకు చట్టమనగా నేమో, సాక్ష్య మెట్లు పుట్టునో, ఎవరిచేతికి ఎంత పోవునో బోధించును. గురుశిష్యులు తారుమారైరి. ఈ కథను న్యాయవ్యవస్థపై అభియోగపత్రముగ చదువుట వాడుక. అది తప్పని అనను. అది చాలదని అందును. అభియోగము ప్లీడరుచేత నైనను చేయింపవచ్చును. ముత్యాలమ్మచేతనే ఏల చేయించెను?

కోర్టులో ప్రతివానికి ఒక వేషమున్నది: న్యాయాధిపతికి, ప్లీడరునకు నల్లకోటు, పోలీసుకు యూనిఫారము, గుమాస్తాకు కాగితము, వృత్తిసాక్షికి సైతము నేర్చుకొన్న పాఠము. వేషము లేనిది ముద్దాయికే. ఆమె పేరు పిలువగా అందరు ఆమె వైపు చూతురు. అయితే, చూడబడుటకే అలవాటుపడినవారికి ఒక లాభము కలదు: వారిని చూచువారిని వారు తీరికగా చూడగలరు. వేషము గలవానికి తన వేషము జాఱునేమో అనుచింత. ఆ చింతచే ఎదుటివాని వేషమును పట్టిచూడజాలడు. సుబ్బయ్య గవరయ్యను నిజముగా ఎన్నడును చూడలేదు. తన భయమును మాత్రమే చూచెను. ముత్యాలమ్మకు పోగొట్టుకొనునది లేదు గనుక కోర్టంతయు ఆమెకు దుస్తులు లేనట్లు కనబడినది. పడుచుప్లీడరు తన నల్లకోటుమీద ఇంకను నమ్మకమున్నవాడు. అందుచే చట్టము చదివియు చూడలేకపోయెను.

రావిశాస్త్రి ఉపమలను గూర్చి ఇచ్చట నొకమాట చెప్పక తప్పదు. వరుసగా పేర్చిన ఆ ఉపమానములు వాక్యమునకు అలంకారములని కొందఱు, అతివ్యాప్తి యని కొందఱు. అధికారిని, పెద్దమనుష్యుని జంతువుతోనో వస్తువుతోనో పోల్చునపుడు అతడు చేయునది అలంకరించుట కాదు, ఆ మనుష్యునినుండి అతని ఉద్యోగపు దుస్తును ఒలుచుట. ఒక పోలిక చాలక రెండవది, రెండవది చాలక మూడవది వచ్చుటకు కారణము, ఆ దుస్తు ఒకటి తీయగా మఱియొకటి క్రింద నుండుటయే. అన్ని చోట్లను ఈ సమర్థనము చెల్లునని నేననను. కొన్ని పుటలలో ఒలుచుట పూర్తియైన పిమ్మట కూడ కలము ఆగలేదు.

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్క మనుష్యుని వేషమును గూర్చి. గుంపునకు వేషముండునా? 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారము, నేరోద్దేశముతో గూడిన అయిదుగురు 'న్యాయవిరుద్ధసమావేశ'మగుదురు. జనము గుమికూడుటను నిషేధించు 'నూట నలుబదినాలుగు' సెక్షను తెలుగు గ్రామీణుని నోట నలిగిన సంఖ్యయే. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన కొత్తస్మృతిలో అది 163 అయినను జనులు ఇంకను పాతసంఖ్యనే వాడుచున్నారు. చట్టము దృష్టిలో గుంపునకు ముఖము లేదు. అందుచేతనే చట్టమునకు గుంపనిన భయము. ముఖము లేకపోవుట అయిదుగురికి దోషమైనది, ముత్యాలమ్మకు లేనిది సరిగా అదియే.

విశాఖచరిత్రలో ఆ ముఖము లేని గుంపు రెండుమార్లు రచనగా మాఱినది. 1966 లో ఉక్కు కర్మాగారమునకై జరిగిన ఉద్యమమున, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కను నినాదము రాష్ట్రమంతట మాఱుమ్రోగెను. ఆ సంవత్సరము నవంబరు 1 న విశాఖపట్టణమున పోలీసుకాల్పులలో జనులు మరణించిరి. అది నాలుగుమాటల అంత్యప్రాస. దానిని పలికినంతసేపు గుమాస్తా గుమాస్తా కాడు, కలాసి కలాసి కాడు, విద్యార్థి విద్యార్థి కాడు. సుబ్బయ్యవంటివాడును గొంతెత్తుట కది యొక వేషము నిచ్చినది. కవికర్తృకమైన పద్యమున కీ శక్తి యరుదు. పద్యమును పలుకువాడు కవిని మోయును, నినాదమును పలుకువాడు తన్ను తాను దాచుకొనును, ప్రక్కవానిని కలుపుకొనును. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20 న శంకుస్థాపన జరిగినది. కర్మాగారము వచ్చిన పిమ్మట భూమి పోయినవారు నిర్వాసితులన్న మఱియొక పేరుతో, నినాదము లేక, వరండాలో మిగిలిరి. మా విద్యార్థి తాత వారిలో నొకడు.

రెండవది 1970 ఫిబ్రవరి 1, 2 తేదీలలో ఇదే పట్టణమున జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తిసభ. వేదికమీద రచయితలు, క్రింద శ్రోతలు – కచేరి శబ్దము రెండర్థములును కలిసిన సభ. ఆ సభలో 'విశాఖ విద్యార్థులు' అను పేరుతో ఒక కరపత్రము పంచబడినది. రచయితలు ఏ పక్షమున నున్నారో తేల్చుకొనుడని దాని సారాంశము. అదే సంవత్సరము జూలై 4 న విప్లవరచయితలసంఘ మేర్పడుటకు దారితీసిన ఘటనలలో దీని నొకదానిగ చెప్పుదురు. ఆ కరపత్రపు రాజకీయమును సమర్థించుట గాని ఖండించుట గాని ఇచ్చటి పని కాదు. నే నడుగునది సంతకమును గూర్చి. శ్రోతలలోని యొకడు లేచి తన పేరు చెప్పి ఆ ప్రశ్న యడిగియుండినచో, 'కుఱ్ఱవాడు, మర్యాద తెలియదు' అని కూర్చుండబెట్టెడివారు. అందరి పేరు పెట్టుకొన్నందున ఎవరిని కూర్చుండబెట్టవలెనో తెలియలేదు. వేదిక శ్రోతలవైపు చూచుటకు మాఱుగా శ్రోతలు వేదికను చూచిరి. బొంకులదిబ్బమీద మొదలైన చూపుయొక్క తిరుగుబాటు ఇచ్చట సభాభవనమునకు చేరెను.

నా వాదమునకు ఒక ప్రబలమైన ఆక్షేపము కలదు. వేషము పనికిరాని బహిరంగస్థలము ఒక్కటియు లేదా? అది యీ పట్టణముననే యున్నది. పాతనగరమున బురుజుపేటలో కనకమహాలక్ష్మి కొలువైనది. గర్భాలయమునకు పైకప్పు లేదు. వచ్చినవారు కులభేదము లేక తామే స్వయముగ అర్చన చేయుదురు. మార్గశిరమాసపు గురువారములలో వరుస తెల్లవాఱకమున్నే వీథులనిండ సాగును. 1917 లో పురపాలకవర్గము మార్గవిస్తరణకై విగ్రహమును కదలించెననియు, పిమ్మట మహమ్మారి ప్రబలగా మరల యథాస్థానమున నిలిపెననియు స్థానికుల కథనము. ఈ కథనమున నాకు నచ్చినది దేవతయే వీథిలోనుండి తొలగుటకు ఒప్పుకొనకపోవుట. అచ్చట నిలుచున్నప్పుడు, ప్రక్కనున్నది అధికారి భార్యయా, చేపలమ్ముకొను స్త్రీయా యని చేతిలోని పసుపునుబట్టి చెప్పలేము. కాని వరుసనుండి బయటపడి చెప్పులు తొడిగికొనగానే చెప్పవచ్చును. నా వాదము ఆ చెప్పులకడ మరల మొదలగును. ఆ కొద్దినిమిషములను పూర్తిగా పట్టుకొన్న కథ నాకింకను కంటబడలేదు. మన రచయితలకు కచేరి తెలిసినంతగా కోవెల వరుస తెలియదేమో!

ఈ పరిశీలనలో 'రత్తాలు–రాంబాబు'ను చేర్చలేదు. రావిశాస్త్రి దానిని పూర్తి చేయలేదు. వీథిలో బ్రతుకువారిని అంత విరివిగ చిత్రించిన ఆ నవలలో జనము కొందఱిచుట్టు నిలుచు గుంపుగా నుండక తానే కథను నడపబోవు సూచనలున్నవి. అవి ఎంతవఱకు నడచెడివో, మిగిలిన భాగమునుబట్టి చెప్పుటకు ప్రత్యేకముగ పాఠపరిశీలనము చేయవలసియున్నది. 'సొమ్మలు పోనాయండి'ని దానితో జతగా చదువుట యుక్తము.